టేపు అవతలి కొస

నోటీసులో ఆ ఇంటిని ‘టెనెమెంట్’ అన్నారు. మేనత్త ఆ ముక్క దగ్గరే ఆగి మేనకోడలి వైపు చూసింది.

“ఏంటే ఇది? తిట్టా?”

“కాదత్తా. ఇల్లూ స్థలమూ అని. అసలు మూలంలో ‘పట్టుకోవడం’ అని అర్థంట. పాతకాలంలో ఇంగ్లండులో భూమంతా రాజుదేనట, మిగతావాళ్ళు పట్టుకుని ఉండేవాళ్ళంతే.”

“అయితే మీ మామయ్య కోసమే పుట్టింది. ఆయన ఏది పట్టుకున్నా వదిలితేనా!” అని నవ్వబోయి కొంగు కళ్ళకద్దుకుంది. మామయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

నోటీసు ఇచ్చింది ఇంటి వెనక గోడౌనతను, కుట్టుగది తన స్థలంలోకి వచ్చిందని. ఆ గదిలోని మిషనే అత్తకు కూడూ గుడ్డా. గది హద్దురాయి దాటిందని తేలితే పడగొట్టక తప్పదు. ఊళ్ళో ఉన్న సర్వేయరు మేనకోడలొక్కతే. “మేనత్త కదా అని జానెడు సాగదీసేవు!” అని అతను ముందే ఒక మాట అంటించి వెళ్ళాడు.

మిట్టమధ్యాహ్నం. అత్త టేపు కొస పట్టుకుని పెరటి పొదల్లోని రాయి దగ్గరికి వెళ్ళింది. మేనకోడలు వీధిగోడ దగ్గర టేపు డబ్బా పట్టుకుని అంకె చూసింది. రాయి దాకా ఉన్న ఈ దూరం కన్నా, పొద్దున కొలిచిన ఇల్లే జానెడు ఎక్కువుంది.

అంతలో టేపు కదిలింది. అవతలి నుంచి ఎవరో లాగుతున్నట్టు మెల్లగా డబ్బాలోంచి బయటికి రాసాగింది. అంకె పెరుగుతోంది.

“అత్తా! రాయి దాటకు!”

“నేనిక్కడున్నాగా,” అంది అత్త, వెనక గుమ్మంలోంచి. “పాలు పొంగుతున్నాయని కొస మీద ఇటుక పెట్టి వచ్చా.”

టేపు రెండుసార్లు చిన్నగా అదిరింది. మేనకోడలు పని నేర్చుకునే రోజుల్లో అవతలి కొస పట్టుకునేది మామయ్యే. ‘అందింది’ అనడానికి అలాగే లాగేవాడు.

గది దక్కాలంటే ఇప్పుడున్న అంకె రాస్తే చాలు. ఆమె అత్త వైపు చూసింది. అత్తకు అర్థమైంది. దగ్గరికొచ్చి బిగుసుకున్న టేపు మీద అరచెయ్యి ఆనించింది.

“చాలు లెండి,” అంది, పక్కగదిలో మనిషితో అన్నట్టు. “గది పోతే పోయింది. పిల్లచేత అబద్ధం రాయించకండి.”

టేపు వదులైంది. మేనకోడలు చుట్టుకుంటూ వచ్చింది. మొదటి అంకె దగ్గర ఆగింది. అదే రాసింది.

మిగతాది చుట్టబోతే రాలేదు. అవతల ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నారు, మెత్తగా. ఆమె లాగలేదు. డబ్బాను నేలమీద పెట్టి, అత్తతో కలిసి కుట్టుగదిలోంచి మిషను జరపడానికి లోపలికి వెళ్ళింది.