మధ్యేమార్గం పదహారు కిలోలు

పళ్ల డాక్టర్లు పిల్లల్ని ఖాళీ కడుపుతో తీసుకురమ్మంటారు గానీ, ఆ ఖాళీ కడుపుని ఆస్పత్రి దాకా ఎవరు ఊరుకోబెట్టాలో మాత్రం చెప్పరు. నాలుగేళ్లవాడికి లేచింది మొదలు ఆకలి. వాడి తండ్రికి అంతకన్నా ఆకలి. వాడి ఎదురుగానే కూర్చుని, "పాపం రా నాన్నా, ఇవాళ నీకు లేదుగా" అని జాలిపడుతూ రెండుసార్లు మారు వడ్డించమన్నాడు. వాడు చూస్తుండగా తినొద్దండీ అని వాడి తల్లి అంటే, "నాకేం పిప్పిపళ్లు లేవుగా" అన్నాడు. ఆమె ఏమీ తినలేదు. పిల్లాడు పస్తుంటే తల్లి తినడం చూసేవాళ్లకి బాగుండదని అత్తగారి నియమం. చూసేవాళ్లు ఆ ఇంట్లో అత్తగారొక్కరే.

వాడికి మొత్తం ఆరు పిప్పిపళ్లు. తల్లి ఎక్కువకాలం పాలివ్వబట్టేనని భర్త, తక్కువకాలం ఇవ్వబట్టేనని అత్తగారు తేల్చారు. పంచదార కలిపిన పాలసీసా నోట్లో పెట్టి వాణ్ణి నిద్రపుచ్చేది అత్తగారు. దాన్ని తేల్చేవాళ్లు మాత్రం లేరు.

ఆమె పొద్దున ఆఫీసుకి వెళ్తే చీకటిపడ్డాక వస్తుంది కనక పిల్లాడిది నాయనమ్మ పెంపకం. అందులో అత్తగారికి ఒక కీర్తి ఉంది: వాడి బరువు. ఏ చుట్టం ఫోన్ చేసినా, "పద్దెనిమిది కిలోలు! అంతా నా చేతి ముద్ద!" అంటారు. ముద్దుపేరు కూడా బొద్దుగాడని పెట్టారు. బొద్దుగాడి చేతులు చీపురుపుల్లల్లా ఉంటాయి. పోయిన నెల టీకా వేయించినప్పుడు పద్నాలుగు తూగాడు. ఆమె ఆ మాట ఇంట్లో చెప్పలేదు. అత్తగారి ముద్దని తూకం వేసే ధైర్యం ఏ కోడలికుంటుంది?

ఆస్పత్రిలో అసిస్టెంటమ్మాయి మందు గురించి చెప్పింది. "ఇది తాగిస్తే మత్తుగా ఉంటాడు, భయం తెలీదు. బరువుని బట్టి పోస్తాం. ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది." బరువు చూసే మిషన్ కనపడగానే బొద్దుగాడు దాన్నొక తన్ను తన్ని, తల్లి చీరని నోట కరచుకుని ఏడుపు లంకించుకున్నాడు.

"పోనీ, ఎంతుంటాడో మీరే చెప్పండి."

"పద్దెనిమిది," అన్నారు అత్తగారు, వేదికమీద బహుమతి అందుకుంటున్నట్టు.

"పద్నాలుగు," అంది ఆమె.

హాల్లో కూర్చున్నవాళ్లు ఫోన్లలోంచి తలలెత్తారు.

"అంటే ఆ నాలుగు కిలోలూ నేను తినేశానా అమ్మాయ్?"

"అది కాదత్తయ్యా, మందు ఎక్కువైతే..."

"విన్నావురా? పిల్లాణ్ణి నేను కడుపు మాడ్చి చంపుతున్నానంటోంది, పదిమందిలో!"

భర్త లేచి నిలబడ్డాడు. తగాదా తీర్చేటప్పుడు ఆయన ఎప్పుడూ నిలబడతాడు. "ఇంటి గొడవ ఇక్కడెందుకు? అమ్మ మాటా కాదనొద్దు, దీని మాటా కాదనొద్దు. మధ్యలో పదహారు వేసుకోండి డాక్టరుగారూ."

"ఏదో ఒకటి అందరూ ఒక మాట మీదుండండి, బయట పేషెంట్లున్నారు," అన్నాడు డాక్టరు, లోపలి గదిలోంచి తల బయటపెట్టి. మూలనున్న పెద్దాయన, "అబ్బాయి ధర్మంగా చెప్పాడు" అని మెచ్చుకున్నాడు.

పెళ్లయిన ఏడేళ్లుగా ఆమె బతుకుతున్నది ఆయన మధ్యేమార్గాల మీదే. పురిటికి పుట్టింటికి వెళ్తానని ఆమె అంటే, వద్దని అత్తగారంటే, మధ్యేమార్గంగా ఆమె తల్లే వచ్చి ఇంటిల్లిపాదికీ వండిపెట్టి వెళ్లింది. జీతం ఆమెది, కార్డు ఆయన జేబులో, మధ్యేమార్గంగా దాని పిన్ నంబరు ఆమె పుట్టినరోజు. అన్నీ సర్దుకుంది, సర్దుకోవడంలో ఒక నేర్పు కూడా వచ్చిందనుకుని లోపల్లోపల కాస్త గర్వపడింది కూడా. కానీ ఇద్దరు పెద్దవాళ్ల రోషాలకి సరిపడా కొలిచి పిల్లాడి గొంతులో పోయడం మాత్రం ఇదే మొదలు. సూదిలేని సిరంజిలోకి ఎర్రటి మందు పదహారు కిలోలకి తగ్గట్టు ఎక్కుతోంది. ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని మిషన్ ఎక్కింది.

"తొంభై రెండు. ఇప్పుడు మీరొక్కరే ఎక్కండమ్మా, తీసేద్దాం."

మొగుడికి కూడా తెలియనివ్వని అంకె అది. పిల్లాణ్ణి ఆయనకి అందించి, చెప్పులు విప్పి, ఎక్కింది.

"డెబ్బై ఎనిమిది!" లోపలున్న డాక్టరుకి వినపడాలని అసిస్టెంటమ్మాయి గట్టిగా అరిచింది. వీధి దాకా వినపడింది.

"అమ్మా, ఆ నాలుగు కిలోలూ ఎక్కడికెళ్లాయో తెలిసిందే!" అన్నాడు భర్త.

హాలంతా ఘొల్లుమంది. అత్తగారు పొద్దుట్నించీ మొదటిసారి నవ్వారు. గుమ్మంలోకొచ్చిన డాక్టరు మూతికి మాస్కుంది, నవ్వే కళ్లకి లేదు. అలవాటు కొద్దీ ఆమె కూడా నవ్వింది. తొంభై రెండులో డెబ్బై ఎనిమిది పోతే ఎంతో ఎవరూ పైకి అనలేదు. అసిస్టెంటమ్మాయి మాత్రం సిరంజిలోంచి కొంత మందు సింకులోకి వదిలేసింది.

ఆ మిగిలిన మందుకే కాసేపట్లో వాడి మెడ తోటకూర కాడలా వాలిపోయింది. మొదటి విడత పళ్లు బాగుచేస్తున్నంతసేపూ ఆమె వాడి నోటివైపు చూడలేదు, ఎగిసిపడే పొట్టనే చూసింది. ఒక్కో ఊపిరికీ మధ్య సింకు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక అత్తగారు అన్నం మానేశారు. "నా చేతి ముద్దకి విలువలేని ఇంట్లో నేనెలా తినను?" భర్త మాత్రం తిని, చుట్టాలందరికీ ఫోన్ చేసి డెబ్బై ఎనిమిది కథ చెప్పాడు. తరవాత తీర్పిచ్చాడు. "మిగతా పళ్లకి నేనూ అమ్మా తీసుకెళ్తాం. నువ్వొస్తే రభస."

ఆఫీసులో సెలవడిగితే, "పిల్లాడికి తండ్రి లేడా?" అన్నాడు మేనేజరు. ఉన్నాడు, అదే ఇబ్బంది అని సెలవు చీటీలో రాయలేం కదా. ఆ రోజు రాకపోతే ఇక రానక్కర్లేదన్నాడు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే అసిస్టెంటమ్మాయి, "పిల్లలు పెరుగుతారు కదమ్మా, బరువు ప్రతిసారీ కొత్తగా రాసుకుంటాం. మీ అత్తగారు చెప్పేశారు, పద్దెనిమిదిన్నరట" అంది. "తూచి పోయండమ్మా" అని బతిమాలితే, "బాబుని ఏడిపించొద్దని మీవారు గట్టిగా చెప్పారండీ" అంది.

ఆమె ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. నిన్న తెల్లవారుజామున నిద్రపోతున్న వాడి చొక్కా ఎత్తి, మందు పోసేముందు డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూసే చోట, గుండె మీద రాసింది: "నేను పద్నాలుగు కిలోలు. తూచి మందు పోయండి." వాడు నిద్రలోనే చక్కిలిగిలికి కిసుక్కుమన్నాడు. సిరా నిలుస్తుందో లేదో చూద్దామని రాసింది. నిలవలేదు. వాడికి స్నానం చేయించేది అత్తగారు. బాల్‌పెన్ను మొదటి చెంబుకే పోయింది. ఇవాళ మార్కరుతో రాస్తే, "ఏం గీసుకున్నావురా వెధవా" అని పీచు పెట్టి రుద్దారు. చర్మం కందింది, అక్షరాలు పోయాయి.

వాణ్ణి తీసుకెళ్లేది ఎల్లుండి. అయ్యలారా, అమ్మలారా, అలాంటి మొగుణ్ణి వదిలేయమనీ, అత్తగారికి ఎదురు చెప్పమనీ మీరనే మాటలు ఆమెకీ తెలుసు, వాటికి తరవాత టైముంది. ముందు, పసిపిల్లాడి ఒంటికి హాని చెయ్యనిదీ, సబ్బుకీ పీచుకీ ఆవిడ చేతికీ ఎల్లుండి పొద్దుటిదాకా లొంగనిదీ ఏదైనా సిరా ఉంటే, మీకు దణ్ణం పెడతాను, దాని పేరు చెప్పండి.