ఆఫీసరు అడిగితే

పాలసీసా కుదిపి పుష్పావతి ఎడమ మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుంది. కుడి మణికట్టు మీద వేసుకోదు. అక్కడ చర్మం నున్నగా, తెల్లగా, ముడతపడి ఉంటుంది. దానికి వేడి తెలియదు. మూడువేళ్ళ వెడల్పున ఇస్త్రీపెట్టె మొన అచ్చు. పనిలో చేర్చుకున్న రోజే ఇంటి యజమానురాలు శ్రుతి అడిగితే, "పొయ్యికాడ కాలిందిమా" అని చెప్పింది. పొయ్యి కాలిస్తే అంత తీర్చినట్టు త్రికోణంగా కాలదని శ్రుతికి తట్టలేదు. తట్టాల్సిన అవసరమూ లేదు.

పాలు గోరువెచ్చగా ఉన్నాయి. చైతు రెండు చేతులూ చాపి "పుప్పా" అన్నాడు. ఏడాదిన్నర పిల్లవాడు. సీసా నోటికి అందగానే కళ్ళు మూసుకుని, ఆమె చెవితమ్మెను వేళ్ళతో నలుపుతూ తాగుతాడు. పదకొండు నెలలుగా అదే అలవాటు. కమ్మ లేని ఆ చెవి ఒకటి ఎప్పుడూ ఎర్రగా ఉంటుంది.

బెంగళూరు హూడిలో, గేటు లోపల మళ్ళీ గేటు ఉన్న విల్లాల వరస అది. వంటింటి వెనక ఆమె గది. డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో పనిమనిషి గదికి తలుపుంటుంది, లోపల గడియ ఉండదు. పడుకోబోయే ముందు బియ్యం డ్రమ్మును తలుపుకు అడ్డంగా జరుపుకుంటుంది. పదకొండు నెలల్లో ఆ తలుపును ఎవరూ నెట్టలేదు. శ్రుతి భర్త వినయ్ ఆడమనిషి వంక తేరిపార చూసే రకం కాదు, ఫోన్లోకి చూస్తూనే "అక్కా" అంటాడు. ఈ ఇంటివాళ్ళు మంచివాళ్ళే. కువైటులో తను పనిచేసిన ఇంటివాళ్ళు కూడా మొదటి ఏడాది మంచివాళ్ళే.

వంగి సీసా కడుగుతుంటే పాస్‌పోర్టు మూల పొట్టలో గుచ్చుకుంది. లోపావడా బొందు కింద గుడ్డసంచిలో పెట్టుకుంది దాన్ని. మూడు రోజుల కిందట కె.ఆర్.పురంలో వదిన ఇంటికి పోస్టులో వస్తే తెచ్చుకుంది. గురువారం దుబాయి విమానం. వినయ్‌కు అక్కడ రెండేళ్ళ ఉద్యోగం, చైతుకు పుష్పావతి పెడితే తప్ప ముద్ద దిగదు. పోయిన నెల తోడు రమ్మని వాళ్ళు అడిగినప్పుడు తలూపింది. ఈసారి కాగితం మీద పనిమనిషి అనే రాస్తారు, సంతకం పెట్టించుకుంటారు, అన్నీ సక్రమంగా జరుగుతాయి అనుకుంది. ఇంతవరకూ ఏ కాగితమూ రాలేదు. ఇవాళ ఆదివారం.

"దుబాయికి పోయి నన్ను మర్చిపోతావేమే?" అంది వంటచేసే సరోజమ్మ, చపాతీ పిండి పిసుకుతూ. చిక్కపేటలో పుట్టి పెరిగిన మనిషి, అరవై దాటినా చేతిలో బలం తగ్గలేదు.

"పోనని చెప్తే ఏమవుతాదక్కా?"

సరోజమ్మ చెయ్యి ఆగింది. "ఇప్పుడా? టికెట్ తీసినాక? ఆ మూలింటి ఆయా నడిమధ్యలో పోతానన్నింది, జ్ఞాపకం ఉండాదా? ఉంగరం పోయిందని దాన్ని స్టేషన్లో రెండు దినాలు కూర్చోబెట్నారు. ఆమైన చూస్తే ఉంగరం ఆ ఇంటామె సోపుడబ్బాలోనే సిక్కింది." గొంతు తగ్గించింది. "సుమ్నే, గమ్మున నోరు మూసుకోని పోయి రాయే. నీకేం, విమానం ఎక్కుతావు. నేను మెట్రో ఎక్కేకే భయపడి చస్తాను."

పుష్పావతి నవ్వాలని చూసింది. రాలేదు.

పన్నెండింటికి శ్రుతి హాల్లోకి పిలిచింది. "కూర్చో అక్కా. కింద కాదు, సోఫా మీద."

పుష్పావతి అంచున కూర్చుంది. తుడవడమే తప్ప ఆ సోఫా ఎంత మెత్తగా ఉంటుందో ఆమెకు తెలియదు. వంటింటి గుమ్మంలోంచి సరోజమ్మ "అబ్బో, మహారాణీ! కాఫీ ఏమన్నా కావల్నా?" అంది. అందరూ నవ్వారు.

"చూడక్కా, సింపుల్," అన్నాడు వినయ్. "వర్క్ వీసా అంటే పెద్ద ప్రాసెస్, మనకి టైమ్ లేదు. విజిట్ మీద వెళ్ళిపోదాం. ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ అడిగితే నువ్వు మా పిన్నివి. మా అమ్మకి చెల్లెలివి. ఓకే?"

"నేనా సార్?"

"జస్ట్ అక్కడ చెప్పడానికే," అంది శ్రుతి. "ప్రాక్టీస్ చేద్దాం. వినయ్ ఆఫీసర్."

వినయ్ గొంతు సవరించుకున్నాడు. "ఈయన మీకేమవుతారు?"

"మా... అక్క కొడుకు."

"మీ అక్క పేరు?"

"పద్మావతి గారు."

శ్రుతి పడీపడీ నవ్వింది. "సొంత అక్కని గారు అంటారా ఎవరైనా!"

"పద్మావతి," అంది పుష్పావతి. చెంపలు వేసుకోబోయి చెయ్యి ఆపుకుంది. ఆ పద్మావతి గారు వేసవిలో వచ్చినప్పుడు పుష్పావతి గ్లాసును సింకు కింద విడిగా పెట్టించి వెళ్ళింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

"అక్కడ ఇంట్లో పనిచేయడానికి వెళ్తున్నారా?"

"లేదు సార్. ఊరికే చూసేకి పోతా ఉండాను."

"సూపర్. అక్కడ నన్ను మాత్రం సార్ అనకు. నాన్నా అను."

"నాన్నా," అంది. తర్వాత, ఎవరూ అడగకుండానే, "ఆడ నాకేమన్నా అయితే?" అంది.

"ఏమవుతుంది?"

"అయితే. నేను ఎవురని రాసుకుంటారు?"

వినయ్ మొదటిసారి ఫోన్లోంచి తలెత్తి చూశాడు. చికాకు పడలేదు, మెత్తగానే అన్నాడు. "ఏమీ కాదక్కా. మేమున్నాం కదా."

కడపలో కువైటు ఏజెంటు కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు. కువైటులో పాస్‌పోర్టు ఇంటావిడ బీరువాలో ఉండేది. రెండో ఏడు ఆ ఇంటావిడ తమ్ముడు ఇస్త్రీ గదిలోకి వచ్చి తలుపు మూశాడు. పుష్పావతి అరిచింది. ఇంటావిడ వచ్చి ఇద్దరినీ చూసి, వేడిగా ఉన్న ఇస్త్రీపెట్టె తీసి పుష్పావతి చేతి మీద పెట్టింది. తమ్ముడి చేతి మీద కాదు. చెత్త వెయ్యడానికి బయటికి పంపిన రోజు అటే నడిచిపోయి, పారిపోయిన ఆడవాళ్ళుండే షెడ్డులో నాలుగు నెలలుంది. పక్క పరుపు మీద రాయచోటి మనిషి. ఆమెకు చుట్టంగా చూసిపోవడానికి వచ్చినట్టు కాగితాలు. జ్వరంతో పోయింది. తీసుకొచ్చిన ఇంటివాళ్ళు, మా పనిమనిషి కాదు, ఎవరో మాకు తెలియదన్నారు. ముప్ఫై ఏడు రోజులు శవం అక్కడే ఉంది. పుష్పావతి రోజూ లెక్కపెట్టింది.

"పాస్‌పోర్ట్ ఇచ్చెయ్యక్కా," అంటున్నాడు వినయ్. "మా వాటితో కలిపి లాకర్లో పెడతా."

"జిరాక్సు ఇచ్చినాను గదా సార్."

"అది వీసాకి. ఒరిజినల్ నీ దగ్గరుంటే ఎక్కడైనా పారేస్తావు."

"మా వదినింట్లోనే ఉండాది." అట్ట మూల పొట్టలో గుచ్చుకుంటూనే ఉంది. గుడ్డసంచి ఉబ్బెత్తు కనబడుతుందేమోనని చైతును ఒళ్ళోకి లాక్కుంది.

"కె.ఆర్.పురమే కదా. ఆరింటికి కార్లో వెళ్ళి తెచ్చుకుందాం."

గోడ గడియారంలో పన్నెండుంపావు.

రెండింటికి సరోజమ్మ వెళ్ళిపోయింది. పిల్లవాడికి పప్పన్నం పెడుతుంటే పుష్పావతి చేతిలో చెంచా గిన్నెకు తగిలి టకటకలాడింది. చైతుకు అది ఆటలా ఉండి మళ్ళీ మళ్ళీ చెయ్యమన్నాడు. వద్దని చెప్పేస్తే? ఉంగరం గుర్తొచ్చింది. సంచి సర్దుకుంటే గేటు దగ్గర విప్పి చూస్తారు, మేడంకు ఫోన్ చేస్తారు. ఆరింటికి కారెక్కితే వదిన తలుపు తీసి "ఆ పొద్దే నీ చేతికిస్తిని గదమ్మా" అంటుంది. ఏ దారిలో వెళ్ళినా చివర వినయ్ చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

మూడున్నరకు, చైతు నిద్రలో ఉండగా, తన నీలం చీర నానబెట్టి ఉతికింది. వంటింటి వెనక వరండాలో, ఇంటి కెమెరాకు ఎదురుగా, తీగ మీద ఆరేసి నాలుగు క్లిప్పులు పెట్టింది. ఉన్న రెండు మంచి చీరల్లో అదొకటి. పారిపోయే మనిషి చీర ఉతికి ఆరేసుకోదు. ఆ మాత్రం ఎవరికైనా తెలుసు.

"ఇప్పుడెందుకక్కా? మెషిన్లో వేద్దువుగా," అంది శ్రుతి, నీళ్ళ సీసా నింపుకోవడానికి వచ్చి.

"విమానానికి ఇదే కట్టుకోవల్ల గదమ్మా."

"సో స్వీట్!"

నాలుగున్నరకు చైతును ఒళ్ళో పెట్టుకుని వినయ్, శ్రుతి పద్మావతి గారికి వీడియో కాల్ చేశారు. పుష్పావతి హాలు మూలన నిలబడింది.

"కరివేపాకు అయిపోయిందమ్మా. తెస్తాను."

"పుదీనా కూడా," అంది శ్రుతి తల తిప్పకుండా.

"పుప్పా," అన్నాడు చైతు. పుష్పావతి ముద్దు పెట్టుకోలేదు. ముందెప్పుడూ కరివేపాకుకు పోతూ ముద్దు పెట్టుకుని పోలేదు మరి.

గేటు దగ్గర కాపలావాడు కూరగాయల సంచి తెరిచి చూశాడు. "ఏనక్కా, ఖాళీనా?"

"పుదీనాకు పోతా ఉండాను."

వాడు ఫోన్లో ఏదో నొక్కాడు. లోపల శ్రుతి ఫోన్ మోగి ఉంటుంది, శ్రుతి చూడకుండానే సరే అని నొక్కి ఉంటుంది. గేటు తెరుచుకుంది. పుష్పావతి పరుగెత్తలేదు. కూరగాయల బండి దాటి, మలుపు తిరిగాక ఫోన్ ఆపేసింది. వదిన ఇంటి అడ్రసు జిరాక్సులో ఉంది, అక్కడికి పోకూడదు. కె.ఆర్.పురం స్టేషన్లో కుప్పం వైపు పోయే బండి నిలబడి ఉంటే ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కింది. ఎక్కడ దిగాలో మాలూరు దాటేదాకా అనుకోలేదు. మాలూరు దాటాకా అనుకోలేదు. ఒంటికి అతుక్కున్న పాస్‌పోర్టు చెమటకు తడిసి వెచ్చగా ఉంది.

ఆరూ పదికి వినయ్ కారు తాళాలు పట్టుకుని హాల్లో తిరుగుతున్నాడు. "ఫోన్ స్విచాఫ్ వస్తోంది. వెళ్ళిపోలేదు కదా?"

శ్రుతి వంటింటి వెనక గదిలోకి చూసింది. బట్టల సంచి అక్కడే ఉంది. వెనక వరండాలోకి వెళ్ళి చూసి, ఊపిరి పీల్చుకుంది. "చీర ఆరేసి ఉంది. వచ్చేస్తుందిలే."

చైతు ఆమె చంక దిగి, కింది దాకా వేలాడుతున్న నీలం కొంగును రెండు చేతులా పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత బలమంతా పెట్టి లాగాడు. క్లిప్పులు గట్టివి; చీర తీగ పొడుగునా ఒకసారి ఊగి, మడతలోంచి నాలుగు చుక్కలు రాల్చి, మళ్ళీ నిటారుగా నిలబడింది.