గ్రేస్ చేతి రొట్టె

మా గ్రేస్‌ను దేవరుప్పుల దగ్గరి ఊళ్ళో చర్చికి గురువుగా వేశారు. వండిపెట్టడానికి మహబూబాబాద్ నుంచి నేనూ వెంట వచ్చాను. ఆ కొత్తలో ఇంటికి ఎవరు వచ్చినా ఒకటే మాట.

"అయ్యగారు ఇంట్ల లేరా?"

"నేనే," అనేది నా బిడ్డ.

"నువ్వు అమ్మగారివి గద. అయ్యగారేరి?"

అయ్యగారంటే పాస్టరు, అమ్మగారంటే ఆయన భార్య. మా చర్చిల్లో అంతే. పెళ్ళే కాని ఈ పిల్లను ఏమని పిలవాలో ఊరికి తోచలేదు. గ్రేస్‌కు నవ్వు, నాకు గుండెదడ. ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. సంగతులు తెలియవు కానీ భయాలన్నీ తెలుసు.

మొదటి ప్రభు బల్ల ఆదివారం దగ్గరపడే కొద్దీ ఆ దడ ముదిరింది. రొట్టె, ద్రాక్షరసం ఆమె చేతి మీదుగానే అందరికీ అందాలి. సంఘ పెద్ద యుగేందర్ ముందే అనేశాడు.

"ప్రసంగం చెప్పుకో బిడ్డా, వింటం. ఆడమనిషి చేతి రొట్టె మాత్రం నేను ముట్ట."

ఆయన లేచి పోతే మగవాళ్ళంతా పోతారు. పైవాళ్ళకు ఫిర్యాదు పోతుంది. భూపాలపల్లి అవతల అడవి పక్కకెక్కడికో బదిలీ చేస్తారు. అక్కడ పామో, జ్వరమో... అంత దూరం పోయేది నా ఆలోచన.

శనివారం రొట్టె నేనే కాల్చాను. పిండి పిసుకుతుంటే చిన్నప్పటి గార్ల గుర్తొచ్చింది. అక్కడ ప్రభు రొట్టె కాల్చేది జమ్లీ అవ్వ. తండాలు తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మ. అద్దాల రవిక, భుజాన సంచి. లంబాడీ మాటలో పాట ఎత్తుకుంటే చేలల్లో పని ఆగిపోయేది. పిల్లలమంతా పొయ్యి చుట్టూ చేరితే మాడిన అంచులు తుంచి పెట్టేది. ఆ వేడి అంచుల రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. ఎన్నో తండాలను చర్చికి నడిపించిన మనిషి, ఆదివారం మాత్రం చివరి చాప మీద కూర్చొని, తను కాల్చిన రొట్టె కోసం అందరి తర్వాత చెయ్యి చాచేది.

"నువ్వే పంచొచ్చు గదనే అవ్వా?" అని అడిగానొకసారి.

"కాల్చుడు నాది, పంచుడు అయ్యగారిది. ఎవలు కాల్చిన్రో ఏసయ్యకు తెల్వదా పిల్లా?" అని కొంగుతో నా ముక్కు తుడిచింది.

ఆదివారం గ్రేస్ తెల్లటి అంగీలో రొట్టె విరిచి, పళ్ళెం పట్టుకొని నిలబడింది. ముందు మగవాళ్ళు పోవాలి, తర్వాత మేము. యుగేందర్ లేవలేదు. ఆయన్ని చూసి మగవాళ్ళెవరూ లేవలేదు. వాళ్ళు లేవనిదే మేం లేవరాదు. పాట అయిపోయింది, మళ్ళీ మొదలుపెట్టారు. నా బిడ్డ పళ్ళెం దించలేదు.

పక్కన సరళక్క గొణిగింది. "గిదేంది, పెండ్లి బువ్వకైతే ఉరికొస్తరు గద మగోళ్ళు!"

ఆడవాళ్ళ చాప మీద నవ్వు పాకింది. ఆ నవ్వులో నేనెట్లా లేచానో నాకే తెలియదు. ధైర్యం కాదు. పిల్ల అట్లా ఒంటరిగా నిలబడటం చూడలేకపోయాను. మగవాళ్ళ వరుస దాటిపోయి చెయ్యి చాచాను. గ్రేస్ నన్ను అమ్మా అనలేదు.

"క్రీస్తు శరీరము," అంది, ఎవరికైనా చెప్పేటట్టే.

"ఆమెన్," అన్నాను.

నా వెనక సరళక్క, ఆమె వెనక చాప మొత్తం. తర్వాత మగవాళ్ళలో పడుచువాళ్ళు, వాళ్ళ తండ్రులు. యుగేందర్ ఒక్కడే మిగిలాడు.

లేవలేని ముసలివాళ్ళకు కూర్చున్న చోటికే రొట్టె తెచ్చివ్వడం మా ఆచారం. గ్రేస్ పళ్ళెంతో మెట్టు దిగి ఆయన వైపు నడిచింది. అయిపోయింది, తోసేస్తాడు, రొట్టె నేలపాలవుతుంది అనుకొని కళ్ళు మూసుకున్నాను.

"మోకాళ్ళు నొస్తున్నయా పెద్దనాయినా?" గ్రేస్ గొంతు.

పొద్దున సైకిలు తొక్కుకుంటూ వచ్చిన మనిషాయన.

"అవు బిడ్డా," అన్నాడు చివరికి. "జర నొస్తున్నయి."

నేను కళ్ళు తెరిచేసరికి ఆయన అరచెయ్యి పళ్ళెం ముందు చాచి ఉంది.