నిచ్చెన మీద నలభై ఒకటి

ముందే ఒప్పేసుకుంటాను. మా నాన్న కళ్ళు తిరిగి పడిపోవడానికి కారణం నేనే. కావాలని కాదు, అతి తెలివితో. కావాలని చేసేవాళ్ళు కనీసం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తారు.

నాన్న ఎలక్ట్రీషియన్. ముప్ఫై ఏళ్ళుగా నిచ్చెనెక్కి దిగుతున్న మనిషి. ఆర్నెల్ల కిందట గుండె దడ ఎక్కువైతే డాక్టరు బీటా బ్లాకర్ రాశాడు. గుండె వేగం తగ్గించే బిళ్ళ, రోజూ పొద్దున ఒకటి. ఆయనకి మతిమరుపు, నాకేమో ప్రోగ్రాములు రాయడం వచ్చు. ఇంకేం, ఆయన ఫోన్లో చిన్న యాప్ చేసిపెట్టాను. ఎనిమిదింటికి గంట మోగుతుంది, బిళ్ళ పేరు కనిపిస్తుంది, వేసుకుని టిక్కు పెట్టాలి. నాడి కొలిచే వాచీ కూడా కొనిచ్చాను. ఆ అంకెలు, టిక్కులు నా ఫోన్‌కి వస్తాయి.

"నా గుండె నీ ఫోన్లో కొట్టుకుంటుందన్నమాట. ఇక నాకేం బాధ!" అన్నాడు నాన్న.

ఆ రోజు పదకొండింటికి ఆఫీసులో మీటింగు నడుస్తోంది. బల్ల కింద ఫోన్ చూశాను. నలభై ఒకటి. మామూలుగా ఆయనకి డెబ్బైకి అటూ ఇటూ ఉంటుంది. మూడు రోజులుగా నలభై అయిదు, నలభై మూడు చూపిస్తూనే ఉంది. వాచీ పట్టీ వదులై ఉంటుందిలే అని ఊరుకున్నాను. నేను తయారుచేసినదాన్ని నమ్మాను, డబ్బిచ్చి కొన్నదాన్ని అనుమానించాను.

ఈసారి ఎందుకో యాప్ తెరిచాను. రోజుకి రెండు టిక్కులు. ఎనిమిదికి ఒకటి, ఎనిమిదీ అయిదుకి ఒకటి.

పదకొండు రోజుల కిందట మందుల షాపువాడు పాత కంపెనీ సరుకు లేదని ఇంకో కంపెనీ బిళ్ళలిచ్చాడు. ఆ కొత్త పేరు యాప్‌లో ఎక్కించాను. పాత పేరు తీయలేదు. పాత బిళ్ళలు ఇంట్లో ఇంకా ఉన్నాయి. యాప్‌లో పెట్టుకున్న రెండు అట్టల ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. పైన పేర్లు వేరు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒకటే మందు: మెటోప్రొలాల్.

ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాను. నాన్నకి ఫోన్ కలిపి, మోగకముందే కట్ చేశాను. ఆయన ఫోన్ చొక్కా జేబులో ఉంటుంది. నిచ్చెన మీదుంటే ఒక చెయ్యి వదిలేస్తాడు. మా ఆఫీసుకి దగ్గర్లోనే ఆయన పనిచేస్తున్న కొత్త ఇంటి మేస్త్రికి చేశాను.

"ఏంటమ్మాయ్? మీ నాన్న పైనున్నాడు, మెట్ల దగ్గర లైటు పెడుతున్నాడు."

"మేస్త్రిగారూ, నిచ్చెన గట్టిగా పట్టుకోండి. మెల్లగా కిందికి దింపండి."

"మీ నాన్ననా? దిగమంటే ఇంకో మెట్టెక్కే రకం!"

"ఆయన ఒంట్లో మందు ఎక్కువైంది. కళ్ళు తిరుగుతాయి."

మేస్త్రి నవ్వు ఆగిపోయింది. "పట్టుకున్నా. నువ్వు రా."

నాలుగు వీధులు పరిగెత్తాను. చెప్పు ఎక్కడ తెగిందో తెలీదు. సగం కట్టిన ఆ ఇంట్లో, మెట్లు మలుపు తిరిగేచోట నిచ్చెన. పదకొండో మెట్టు మీద నాన్న. కింద సిమెంటు మెట్లు, వాటికి ఇంకా పిట్టగోడ లేదు. మేస్త్రి రెండు చేతులతో నిచ్చెనని వాటేసుకుని నించున్నాడు.

"చూడవే, వీడికేదో పట్టింది, వదలడం లేదు," అన్నాడు నాన్న. మొహం సున్నం కొట్టినట్టుంది. "నువ్వేంటి ఈ వేళప్పుడు? ఉద్యోగం ఊడిందా?"

నిజం చెబితే పైనే నిలబడి వాదిస్తాడు. అందుకని, "ఊడింది నాన్నా. దిగు, చెప్తాను," అన్నాను.

అదే నా రెండో తప్పు.

"అయ్యో తల్లీ!" అంటూ గబగబా దిగడం మొదలుపెట్టాడు. "మెల్లగా, మెల్లగా" అంటున్నాను, వినడం లేదు. అయిదో మెట్టు దగ్గర ఆగాడు. నా వైపు తిరిగాడు గానీ ఆ చూపు నన్ను దాటి ఎటో పోయింది. చేతులు వదిలేశాయి.

పైనుంచి గోనె సంచి జారినట్టు మా ఇద్దరి మీదా పడ్డాడు. మేస్త్రి మోచెయ్యి గోడకి కొట్టుకుంది, నా మోకాళ్ళు చీరుకుపోయాయి. నాన్న తల నా ఒళ్ళో ఉంది. చల్లటి చెమట. పిలుస్తున్నాను, పలకడం లేదు. ఎంతసేపో నాకు తెలీదు. అరనిమిషం అంటాడు మేస్త్రి.

కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "కరెంటు ఎందుకు తీసేశారే?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఇంటి నుంచి తెప్పించిన అట్టలు రెండూ పక్కపక్కన పెట్టింది. "ఇవి రెండూ ఎవరు వేసుకోమన్నారు?"

"నాదే మతిమరుపు, రెండోసారి వేసుకునుంటాను," అన్నాడు నాన్న, నా మొహం చూసి.

"ఎన్ని రోజులుగా? సరిగ్గా చెప్పండి. దాన్నిబట్టే వైద్యం."

ఫోన్ తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "పదకొండు రోజులు. యాప్ నాదే. తప్పు నాది."

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంటికెళ్ళాక భయపడి మొత్తం మానిపించకండి," అంది. "ఒక్కసారిగా ఆపినా గుండె తిరగబడుతుంది. ఎంత తగ్గించాలో మేం చెప్తాం."

నాన్న ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు, "రెండుసార్లు మోగితే రెండు మందులనుకున్నా. నువ్వు పెట్టావుగా, అడగడం ఎందుకనుకున్నా."

ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదు. నాన్న బాగానే ఉన్నాడు, నాడి అరవై దాటింది. మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తే మాత్రం నేనే లేపేస్తున్నాను.

"ఏంటే?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే అయితే పడుకోనివ్వవే!"

మీ ఇంట్లో కూడా ఒకే మందు రెండు పేర్లతో వచ్చి చేరిందా? ఎవరు కనిపెట్టారు, ఎలా కనిపెట్టారు? రాయండి. నాలాంటి తెలివైనవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో నాకు తెలియాలి.