కోటకు పోయే దారి

వీరేందర్‌కు భూపాలపల్లి బొగ్గుగనిలో ఉద్యోగం, భార్య అక్షితకు మహబూబాబాద్ దవాఖానలో నర్సు డ్యూటీ. ఇతనికి వారానికోసారి షిఫ్టు మారుతుంది, ఆమెకు ఎప్పుడు నైట్ పడుతుందో ఆమెకే తెలియదు. పెళ్లయి రెండేళ్లయినా, పండగ సెలవులకు కలవడమే తప్ప ఒకే ఊళ్లో కాపురం పెట్టింది లేదు. బదిలీ కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి, అంతే. ఇద్దరికీ కలిసొచ్చే తీరిక ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంట. ఆ గంటను వాళ్లు ఒక పాత ఆన్‌లైన్ ఆటలో గడిపేవారు.

నవ్వేవాళ్లు నవ్వారు. మొగుడూ పెళ్లాలు ఫోన్‌లో మాట్లాడుకోరా అని తోటివాళ్లు ఆటపట్టించారు. ఫోన్‌లో ఏం మాట్లాడతారు? ఇతని గదిలో మరో ఇద్దరు, ఆమె గదిలో మరో ముగ్గురు. తిన్నవా అంటే తిన్న, డ్యూటీ అయిందా అంటే అయింది. అక్కడికి మాట తెగిపోయేది.

ఆట మాత్రం వేరు. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో, నెట్ సెంటర్‌లో పక్కపక్క కంప్యూటర్ల ముందు కూర్చొని నేర్చుకున్న ఆట అది. వాళ్ల పరిచయమే అక్కడ. ఇప్పటి ఆటల్లోలాగా ఉరుకులు పరుగులు ఉండవు. ఊరి నుంచి కొండమీది కోటకు పోవాలంటే వాగు దాటి, అడవి దాటి నడవాల్సిందే. గంటలో సగానికి పైగా నడకకే పోతుంది. అతను డాలు పట్టిన సిపాయి, ఆమె గాయాలు మాన్పే వైద్యురాలు. దవాఖానలో చేసేది చాలలేదా అని అతను ఏడిపించేవాడు. బొమ్మలు రెండూ వాటంతటవే తోవ పట్టి నడుస్తుంటే చేతులు ఖాళీ, అప్పుడు టైపు చేసుకునేవాళ్లు. ముఖం చూసి చెప్పలేని మాటలు, పక్కన ఎవరో వింటారని మింగిన మాటలు ఆ దారిలోనే బయటికొచ్చేవి. వార్డులో తన చెయ్యి పట్టుకొని ప్రాణం విడిచిన ముసలమ్మ సంగతి ఆమె చెప్పింది ఆ వాగు దగ్గరే. గనిలోకి దిగేటప్పుడు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయని అతను ఒప్పుకున్నది ఆ అడవిలోనే.

ఇంత జరిగినా ఆ దారి విలువ అతనికి తెలిసిరాలేదు. మనసు మంచిదే, మనిషే తొందరమనిషి. ఉన్నదే గంట, అందులో సగం నడకకే పోతే కోటలో యుద్ధం ఎప్పుడు చేసేదని అతని బాధ. అందుకని అక్షితకు చెప్పకుండా, షిఫ్టు దిగి నిద్ర మానుకొని, ఆటలో ఒక్కడే అడవిపందులను వేటాడి వేటాడి గాలిగుర్రం సంపాదించాడు. ఇద్దరినీ ఎక్కించుకొని రెప్పపాటులో కోట దగ్గర దించే గుర్రం అది. ఆమె ఎంత సంబరపడుతుందోనని ముందే మురిసిపోయాడు.

ఆ ఆదివారం అక్షిత ముందే వచ్చి ఊరి గేటు దగ్గర నిలబడి ఉంది. "ఇయ్యాల మెల్లగ పోదాం" అని టైపు చేసింది. అతను చదివి నవ్వుకున్నాడు గానీ ఆగలేదు. గుర్రం ఎక్కించాడు. కళ్లు మూసి తెరిచేలోపు కోట ముందున్నారు, చుట్టూ ఎవరెవరో ఆటగాళ్లు, ఎదురుగా రాక్షసులు. అతనికి దెబ్బ తగిలినప్పుడల్లా ఆమె మాన్పింది. గెలిచారు. ఇట్లయితే మస్తు టైం మిగులుతుందని అతను గొప్పగా చెప్పాడు. మంచిదని ఆమె వెళ్లిపోయింది.

తరువాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే డ్యూటీ ఉందనేది, తిన్నవా అంటే తిన్న అనేది. ఏం తప్పు చేశాడో అర్థం కాక అతనికి ముద్ద దిగలేదు. చివరికి సెలవు పెట్టి, బండి తీసి, నేరుగా మహబూబాబాద్ వచ్చాడు.

దవాఖాన బయట అక్షిత కనిపించింది. మనిషి సగమైపోయింది. అతను ఎక్కమన్నాడు. ఆమె ఎక్కలేదు.

"బండి బంద్ చెయ్యి. నడుసుకుంట పోదాం."

అతను బండి నెట్టుకుంటూ పక్కన నడిచాడు. బజారు రద్దీ దాటాక ఆమె నేల చూస్తూ చెప్పింది. నెల తప్పిందట. మూడో నెల నిండందే ఎవరికీ చెప్పకూడదని పెద్దవాళ్లంటారని, అతనికి కూడా చెప్పకుండా ఆగిందట. నిండకముందే స్కానింగ్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారట.

బండి ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నువ్వు గుర్రం తెచ్చిన నాడే, పొద్దుగాల. వాగు కాడ చెప్దామనుకున్న."

వీరేందర్ నడిరోడ్డని కూడా చూసుకోకుండా ఏడ్చాడు. వెనక ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆమె బండి సీటు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోసింది.

"నడువు. ఇంక చెప్పేదున్నది."

నడిచారు. ఆ రోజు స్కానింగ్ గదిలో ఒక్కతే ఎట్లా పడుకుందో, పక్కమంచం ఆమె ఏమడిగిందో, ఒక్కొక్కటే చెబుతూ వచ్చింది. ఆమె గది ఉన్న సందు వచ్చింది. మాట ఇంకా అయిపోలేదు. వీరేందర్ సందులోకి తిరగకుండా బండిని ముందుకే నెట్టాడు.