మల్లన్న కత్తికి రెండు ఒరలు

శాలిబండలో డానియేలు దుకాణానికి బోర్డు లేదు. తోలు వాసనే బోర్డు. ఆటో దిగి ముక్కు చెప్పిన దిక్కుకు నడిస్తే చాలు, ఆయన బల్ల ముందు తేలతారు. మటన్ కొట్టువాళ్ల కత్తులకు ఒరలు, మంగలి కత్తెరలకు సంచులు, గార్డుల తుపాకులకు హోల్‌స్టర్లు, ఇలా మొన ఉన్నదానికీ పేలేదానికీ చొక్కా తొడిగేది ఆయనే. ఆ పనిలో తనను మించినవాడు పాతబస్తీలో లేడని ఆయన ఎప్పుడూ అనడు. ఎవరైనా అంటే కాదనడు కూడా. నగల కొట్టు గార్డు ప్రకాశం హోల్‌స్టర్ ఒక్కటే ఆయన పరువు తీస్తుంది. ఎన్నిసార్లు కుట్టి ఇచ్చినా అది అదేచోట చిరిగి వస్తుంది. మనిషి మోటువాడని డానియేలు ఎప్పుడో తేల్చేశాడు.

ఈమధ్య తోలు వాసనలోకి ఇంకో వాసన వచ్చి చేరింది. కూతురు బేబీ ఇంట్లో ఊరికే పడి ఉన్న కేకు ఓవెన్‌ను దుకాణం వెనక గదికి మోసుకొచ్చి, నల్లటి ప్లాస్టిక్ షీట్లను అందులో మెత్తబరిచి కత్తులకు ఒరలు చేయడం మొదలుపెట్టింది. ఊరికే పడి ఉందని బేబీ అంటుంది. మరి క్రిస్మస్‌కు కేకు నీ నెత్తి మీద చెయ్యాల్నా అని తల్లి మాణిక్యమ్మ అడుగుతుంది. ఆ లొల్లి ఇంకా తెగలేదు.

డానియేలు బాధ ఓవెన్ గురించి కాదు. తోలును ఆయన వాసన చూస్తాడు, వంచుతాడు, గోటితో గిచ్చుతాడు, అనుమానం వస్తే నాలుకకు తాకిస్తాడు. ఉప్పు మిగిలిపోయిన తోలు కత్తిని తుప్పు పట్టిస్తుంది, ఆ సంగతి నాలుకే చెప్పాలి. ఈ నల్ల షీటు చల్లారితే వాసన రాదు, గోరు దిగదు, తన గురించి ఒక్క ముక్క చెప్పదు. అలాంటిదాన్ని ఎలా నమ్మడం? అయినా చూడకుండా ఉండలేడు. ఒకరోజు బేబీ చాయ్‌కి వెళ్లినప్పుడు ఒక ముక్క తీసి నాలుక కూడా ఆనించాడు. వెనక్కి తిరిగేసరికి చాయ్ గ్లాసులతో బేబీ నిలబడి ఉంది.

"ఎట్లుంది బాపూ? ఉప్పు సరిపోయిందా?" అంది.

మల్లన్న వచ్చింది ఆ చాయ్ తాగుతుండగానే. కరెంటు తీగలకు అడ్డమొచ్చే చెట్ల కొమ్మలు కొట్టే గ్యాంగులో పని ఆయనది. నిచ్చెన వేస్తే చిన్నతనం అనుకునే మనిషి. గోనెపట్టలో చుట్టి తెచ్చిన కత్తిని కుడిచేత్తో తీసి బల్ల మీద పెట్టాడు. డానియేలు దాన్ని బల్ల మీది నుంచే అందుకున్నాడు. కత్తిని చేతినుంచి చేతికి ఇస్తే ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ కొట్లాట తప్పదని అక్కడ అందరికీ తెలుసు.

"మొన్న సంతోష్‌నగర్‌ల చెట్టు మీదికెళ్లి ఇది జారి పడ్డదన్నా," అన్నాడు మల్లన్న. "కింద స్కూటర్ సీట్ల దిగింది. ఆ సీటు మీద మనిషుంటే ఏంది నా గతి?"

"ఎట్ల జారింది?"

"నడుముల గోనెపట్టల పెట్టబోతుంటె చెయ్యి తప్పింది. మా సూపర్‌వైజర్ బాలనర్సింహ సారు ఒకటే మాటన్నడు. ఇంకోపారి కత్తి పడితె చెట్టు ఎక్కుడు బంద్, కింద కొమ్మలు ఏరుడే అని. ఈ వారం అదే చేయిస్తున్నడు. బోనాలు వస్తున్నయి గద, లాల్‌దర్వాజాల అమ్మవారి ఘటం ఊరేగింపు పోయే తొవ్వల కొమ్మలు కొట్టేదుంది. దానికి ఒక్క మోకా ఇస్తనన్నడు. తానే కింద నిలబడి చూస్తడట." కాస్త ఆగి నేల చూపులు చూస్తూ అన్నాడు. "కింద ఏరుడు నాతోని కాదన్నా. పైన ఉంటెనే నాకు మంచిగుంటది."

ఆ చివరి మాట డానియేలుకు తగిలింది. తనను ఎవరైనా బల్ల దగ్గర నుంచి లేపి దుకాణం ఊడవమంటే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు. గట్టి ఒర కుట్టి ఇస్త," అన్నాడు.

వెనక గదిలోంచి బేబీ తల బయటికి పెట్టింది. "కాకా, నేను గూడ ఒకటి చేస్త. రెండు కట్టుకొని చూడు, ఏది మంచిగుంటె అది తీసుకపో."

డానియేలు ఆమెను ఆపలేదు. నిజం చెప్పాలంటే ఆయనకే చూడాలని ఉంది.

ఆ వారం దుకాణంలో రెండు వంటలు సాగాయి. డానియేలు మందపాటి తోలును నీళ్లలో నానబెట్టి, కత్తికి పల్చటి కవరు చుట్టి, తడి తోలును దాని మీద వేసి బొటనవేళ్లతో ఒత్తుకుంటూ కూర్చున్నాడు. నీడన ఆరేసరికి తోలు కత్తి ఆకారం పట్టింది. పదును దారాన్ని తెంపకుండా అంచు లోపల ఇంకో తోలు పట్టీ పెట్టి, మైనం పూసిన దారంతో కుట్టాడు. బెల్టు దూరే పట్టీని వెనకవైపు వేసి, పిడి కాస్త ముందుకు వాలేలా ఏటవాలుగా బిగించాడు.

బేబీ పని చూస్తే పని అనిపించదు. ఓవెన్‌లో షీటు కాలుతున్న అప్పడంలా వంగుతుంది. చప్పున తీసి కత్తికి అటూ ఇటూ వేసి, స్పంజి అంటించిన చెక్కల మధ్య బిగిస్తుంది. అది చల్లారేలోపు తండ్రి ఒక సూదికి దారం ఎక్కించుకుంటాడు. అంచుల వెంట రెండు పక్కలా రంధ్రాలు వేసి, బెల్టు పట్టీని స్క్రూలతో బిగించింది. కత్తి పెడితే టక్‌మని చప్పుడొచ్చి కూర్చుంది. తలకిందులు చేసి ఊపినా రాలేదు.

"మరి వానకు?" అని అడిగాడు డానియేలు.

"కడిగి ఆరేసుడే. నీ తోలు తడిస్తె ఉబ్బుతది గద."

"ఉబ్బితె మళ్ల ఆరుతది. నీది ఒత్తితె వంగుతదా? మనిషి వంగితె తోలు తోడుగ వంగుతది."

"వంగది," అని ఒప్పుకుంది బేబీ. తర్వాత అడిగింది. "గంత వంగేది కత్తిని పట్టుకుంటదా?"

ఇద్దరికీ జవాబు కావలసింది మల్లన్న నడుము దగ్గరే.

మల్లన్న వచ్చి ముందుగా తోలు ఒర కుడిపక్కన కట్టుకున్నాడు. కత్తి తీశాడు, పెట్టబోయాడు. మొన ఒర నోటిని తప్పి రెండుసార్లు తొడ దిక్కు పోయింది. డానియేలు ముఖం మాడిపోయింది. బేబీ ఒర కట్టినా అదే తంతు. కత్తి టక్‌మని కూర్చోవడానికి ముందు అటూ ఇటూ తడుముకున్నాడు, తీయబోతే మణికట్టు అడ్డం తిరిగింది. చెట్టు మీద పుట్టినవాడిలా ఎక్కే మనిషికి ఇంత తడబాటు ఏమిటో తండ్రీకూతుళ్లకు అంతుపట్టలేదు.

"రెండు మంచిగనే ఉన్నయన్నా," అన్నాడు మల్లన్న మర్యాదగా. "పెద్దోనివి, నీదే తీసుకపోత."

అది మంచిగా ఉండటం కాదని డానియేలుకు తెలుసు. మర్యాదకు తీసుకుపోయిన ఒరతో ఈ మనిషి చెట్టెక్కితే ఆ కత్తి మళ్లీ ఎవరి నెత్తిన పడుతుందో ఆయనకు కళ్ల ముందు కనిపించింది. ఏం చేయాలో తోచక ప్లాస్టిక్ ఒరను పక్కకు నెట్టాడు. అది బల్ల అంచు దాటి జారింది.

మల్లన్న దాన్ని నేలకు పడనివ్వలేదు. మెరుపులా పట్టుకున్నాడు, ఎడమచేత్తో.

డానియేలు బల్ల మీది కత్తిని తిప్పి పిడి చూశాడు. చెక్క పిడి మీద ఏళ్ల తరబడి బొటనవేలు నొక్కిన గుంట ఉంది. కుడిచేత్తో పట్టుకుని చూస్తే ఆయన బొటనవేలికి అది అందలేదు. ఎడమచేతికి మార్చాడు. వేలు పోయి గుంటలో పడుకుంది. వారం రోజులు ఆ పిడి తన కళ్ల ముందే ఉంది.

"నీది ఎడమచెయ్యి గద మల్లన్నా."

మల్లన్న దొంగతనం దొరికినట్టు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "చెట్టు మీద ఆకులల్ల ఎవరు చూస్తరన్నా. కిందికి దిగితె కుడిచెయ్యే. పెద్దోళ్ల ముందర ఎడమచెయ్యి తియ్యద్దని మా అమ్మ చేతుల మీద కొట్టి నేర్పింది."

"సంతోష్‌నగర్‌ల కత్తి జారిననాడు?" బేబీ అడిగింది.

"ఆనాడు జనం అందరు కింద నిలబడి నన్నే చూస్తున్నరు." ఆ మాట అన్నాక మల్లన్నకే అర్థమైనట్టుంది. దాచిన చేతిని ముందుకు తెచ్చి చూసుకున్నాడు.

డానియేలు తన ఒరను ఎడమపక్కకు పెట్టి చూశాడు. పదును కడుపు దిక్కుకు తిరిగింది, పిడి వెనక్కి వాలింది. కుట్టు విప్పి మళ్లీ కుట్టినా పాత రంధ్రాలు తోలును వదలవు. కొత్తది కుట్టాలి, దానికి తోలు నానాలి, ఆరాలి. చెట్టు పని మర్నాడే. బేబీ స్క్రూలు విప్పి, పట్టీని రెండో వైపుకు మార్చి బిగించింది. బిగువు ఎక్కువైన నోటి దగ్గర జుట్టు ఆరబెట్టే మిషన్ గాలి కాస్త కొట్టింది. ఇంతే. డానియేలుకు అసూయ కలిగింది, ముచ్చటా వేసింది. ఏది ఎక్కువో ఆయనే చెప్పలేడు.

మర్నాడు దుకాణం మూసి ఇద్దరూ లాల్‌దర్వాజా వెళ్లారు. గల్లీలో వేపచెట్టు కింద బాలనర్సింహ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన పండగ కమిటీ పెద్దలు. మల్లన్న పైకెక్కి కొమ్మ మీద స్థిరపడ్డాడు. కిందికి చూశాడు. కుడిచెయ్యి నడుము దిక్కు కదిలి ఆగింది. డానియేలు ఏం చేస్తున్నాడో తెలియకుండానే తన ఎడమచెయ్యి పైకెత్తి ఊపాడు.

మల్లన్న ఎడమచెయ్యి కత్తి లాగింది.

"అమ్మవారి తొవ్వ ఎడమచేత్తోని సాఫ్ చేస్తవా?" కింద ఒక పెద్దాయన గొణిగాడు.

"కత్తి మన నెత్తి మీద పడకుంటె చాలు, ఊకోండి," అన్నాడు బాలనర్సింహ పైనుంచి చూపు తిప్పకుండా.

కొమ్మలు పడ్డాయి. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మారేటప్పుడల్లా పైనుంచి టక్‌మని వినిపించింది. మల్లన్న ఒకసారి కూడా ఒర వంక చూడలేదు. దిగి వచ్చాక సూపర్‌వైజర్ తల ఊపి, అవతలి చెట్టు చూపించాడు. అంతకంటే పెద్ద మెప్పు ఆ గ్యాంగులో లేదట.

మల్లన్న డానియేలు దగ్గరికొచ్చి డొక్క రుద్దుకున్నాడు. "కత్తిని మస్తు పట్టుకుంటున్నది గని, వంగినప్పుడల్ల గుచ్చుకుంటున్నదన్నా. మెల్లగ తోలుది గూడ ఒకటి కుట్టు. ఎడమదిక్కు."

తిరుగుదారిలో డానియేలు లెక్క వేసుకున్నాడు. ఎడమపక్క ఒర తాను ఇంతవరకు ఒక్కటీ కుట్టలేదు, ఎవరూ అడగలేదు గనక. అడగలేక మంచిగున్నదని చెప్పి తీసుకుపోయినవాళ్లు ఎంతమందో. ఆ ఆలోచన ఆయనను సిగ్గుపరిచింది.

దుకాణం తెరిచేసరికి గార్డు ప్రకాశం చిరిగిన హోల్‌స్టర్‌తో కాచుకుని ఉన్నాడు. మళ్లీ అదేచోట.

"ప్రకాశం, నీది ఏ చెయ్యి?"

"ఏందన్నా గట్ల అడుగుతవ్? అందరికి కుడిచెయ్యే గద," అంటూ ప్రకాశం అటూ ఇటూ చూశాడు.

డానియేలు బల్ల అంచున ఉన్న మైనం ముద్దను మోచేత్తో మెల్లగా నెట్టాడు. అది కిందపడకుండా ప్రకాశం ఎడమచెయ్యి వచ్చి పట్టుకుంది. డానియేలు చిరిగిన హోల్‌స్టర్‌ను పక్కన పెట్టి, నానబెట్టడానికి కొత్త తోలు తీశాడు.