క్లారమ్మ మెడ మీద చేపలావిడ

ఇల్దా ఆ ముక్క చెప్పకుండా ఉంటే ఏం పోయేది? చర్చి గోడ మీది నీలం బొమ్మల పింగాణీ పలకలను ఊడదీసి బాగుచేయడానికి పోర్తో పట్నం నుంచి ఈ ఊరికి వచ్చింది. వచ్చిన పని చూసుకుని పోక, కొవ్వొత్తి వెలిగించడానికి వచ్చిన కుస్తోదియాను కేకేసి మరీ చెప్పింది.

"పెద్దమ్మా, ఇటు చూడండి. మీరంతా దండం పెట్టే ఈ ముఖం పునీత క్లారాది కాదు. పలకల వెనక వరస గుర్తులుంటాయి. ఎప్పుడో గోడ చెమ్మెక్కితే ఊడదీసిన మేస్త్రీ, తిరిగి పెట్టేటప్పుడు తారుమారు చేశాడు. ఇది కింద మూలన ఒడ్డు మీద నిలబడ్డ చేపలావిడ ముఖం."

"ఓసి నీ నోరు పడ! చేపలావిడేమిటే?"

కుస్తోదియా ఆ ముఖాన్ని మళ్ళీ చూసింది. కిందటి చలికాలం తుఫానులో మొగుడి పడవ తిరిగి రాకపోతే ఈ ముఖం ముందే పడి ఏడ్చింది. మనిషిని ఇంటికి చేరిస్తే బతికున్నంతకాలం ప్రతి ఆదివారం కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కింది. జెఫెరీనో వచ్చాడు. వస్తూనే సూపు ఉందా అని అడిగాడు. మరి ఇన్నాళ్ళూ మొక్కు ఎవరికి చెల్లినట్టు? క్లారమ్మకు కోపం వస్తే?

ఇంటికెళ్ళి చెప్తే, వల బాగుచేసుకుంటున్న జెఫెరీనో పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అదా సంగతి! అందుకేనే ఈ ఏడు సార్డీన్ చేపలు విరగబడ్డాయి!"

"ఇకిలించకు! రేపు సముద్రం మీదికి పోయేది నువ్వే. ఆ తల్లి చెయ్యి వదిలేస్తే నా గతేం కాను?" అంటూనే ఆమెకు ఏడుపొచ్చేసింది.

అతను నవ్వు ఆపి, "వెళ్ళి ఇద్దరికీ చెప్పుకుని రా, పో" అన్నాడు.

ఆమె చర్చికి తిరిగొచ్చేసరికి ఇల్దా ఎవరి ముఖం వారికి పెట్టేసింది. క్లారమ్మ అందంగానే ఉంది, కాదనలేం. కాకపోతే కళ్ళు పైకెత్తి స్వర్గం చూస్తోంది. పెద్దావిడను చిన్నబుచ్చకూడదని కుస్తోదియా ముందు ఆమెకే కొవ్వొత్తి వెలిగించి, తప్పయితే క్షమించమని సిలువ గుర్తు వేసుకుంది.

తరవాత మూలకు వచ్చి వంగి చూసింది. క్లారమ్మ మెడ మీద ఉన్నప్పుడు తన గోడు వింటున్నట్టు కనిపించిన కళ్ళు అవే. ఇప్పుడవి సముద్రం వైపు చూస్తున్నాయి. ఆవిడ పక్కన నేల మీద ఖాళీ తట్ట. దూరాన ఒక్క పడవైనా లేదు. ఆ తుఫాను రోజు తనూ అలాగే నిలబడింది.

రెండో కొవ్వొత్తి వెలిగించి నేల మీదే చతికిలబడింది.

"మావాడు వచ్చేశాడమ్మా, నీ పుణ్యమే" అంది. "ఇన్నాళ్ళూ నా గొడవే చెప్పుకున్నాను. మరి మీవాడు వచ్చాడా?"